పూరీ దారి వంతెన కింద రెండు రోజులు

మా పేటలో పూరీ వెళ్ళొచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. జగన్నాథుణ్ణి చూశారు, సముద్రంలో మునిగారు, కాజాలు పొట్లాలు కట్టించుకొచ్చారు. ఊళ్ళోకి అడుగుపెట్టే ముందు దాటిన రాతి వంతెన ఎలా ఉందని అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పలేకపోయారు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళు వెళ్ళిన పని వేరు. నేను వెళ్ళింది ఆ వంతెన కోసమే. రెండు రోజులు దాని కిందే గడిపాను. చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మా గెడ్డ సంగతి

గోపాలపట్నం దాటి కొండవైపు వెళ్తే మా పేట. పేటకూ రోడ్డుకూ మధ్య ఒక గెడ్డ, అంటే కొండవాగు, ఇరవై నాలుగు అడుగుల వెడల్పు. వేసవిలో కోళ్ళు నడిచి దాటుతాయి. వానాకాలంలో మనుషులే దాటలేరు. కిందటి వానలకు పదకొండు రోజులు ఇవతలే ఉండిపోయాం. రేవులో రోజుకూలీకి వెళ్ళే మావాళ్ళు తొమ్మిదిమందికి ఆ పదకొండు రోజుల్లో పనులు పోయాయి. వాళ్ళ స్థానాల్లోకి వేరేవాళ్ళు వచ్చేశారు.

వంతెన కట్టుకుందామంటే సిమెంటు లేదు. పర్మిటు మీద తప్ప సిమెంటు దొరకని రోజులవి. మా అర్జీ మూడుసార్లు తిరిగి వచ్చింది. కొండ నిండా రాయి మాత్రం ఉంది.

నేను ఇంజనీరును కాను. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగింది. రాతి క్వారీలో కొలతలు రాసే పనిలో చేరి ఇరవై రెండేళ్ళయింది. గోడకు ఎన్ని బళ్ళ రాయి పడుతుంది, దూలం ఎంత బరువు ఆపుతుంది వంటి లెక్కలు పాత పుస్తకాలు కొనుక్కుని నేర్చుకున్నాను. అందుకే పేటలో ఏం కట్టాలన్నా ముందు నన్ను అడుగుతారు. ఈసారి మాత్రం నన్ను అడగకముందే వంతెన కడతానని సింహాచలం మాట ఇచ్చేశాడు. సింహాచలం రాతి మేస్త్రి. వరసకు ఏమీ కాకపోయినా చిన్నప్పటి నుంచీ నేను అతనికి బావను, అతను నాకు బావ.

"సిమెంటెందుకు? రాయి మీద రాయి జానెడు జానెడు ముందుకి జరుపుకుంటా ఎల్తే రెండు పక్కలూ కలిసిపోతాయి. పూరీ దారిలో అలాటిదే ఉంది. మా తాత సూసొచ్చినాడు" అన్నాడు పేట మీటింగులో.

"మీ తాత వంతెన సూసొచ్చినాడా, కలగన్నాడా?" అన్నాను నేను.

"నువ్వు కాయితం మీద లెక్కెయ్యి బావా. నాను రాయి మీద ఏత్తాను."

కాగితం మీద నేను అప్పటికే వేశాను. అతను అనుకున్నది మధ్యలో ఒకటే ఖానా, అంటే నీళ్ళు పోయే సందు, పన్నెండడుగులది. బండెక్కిన మొదటి రోజే రాళ్ళు జారి గెడ్డలో పడతాయని నా లెక్క చెప్పింది. అదే చెప్పాను. తొమ్మిది కుటుంబాలవాళ్ళు నా మొహం చూశారు. పేట పెద్ద పైడయ్య గొంతు సవరించుకుని, "ఇద్దరూ ఎల్లి ఆ వంతెన సూసి రండి. దానియేలు ఔనంటే కడదాం. కాదంటే మానీద్దాం. పిల్లలు నడిసే తోవ మరి" అన్నాడు.

మార్చి నెల. వానలకు ఉన్నది రెండున్నర నెలలు. దానియేలంటే నేనే, చెప్పవలసిన ఆ ఒక్క మాటా నా మీద పడింది.

వాల్తేరు నుంచి

వాల్తేరు స్టేషన్లో రైలెక్కాం. పెట్టెలో సగంమంది యాత్రికులు. బరంపురం వరకు పక్కనున్నవాళ్ళ మాట సగం తెలుగు, సగం ఒరియా. ఆ తర్వాత తెలుగు తగ్గుతూ వచ్చింది. ఖుర్దా రోడ్డులో బండి మారేసరికి సింహాచలం చేతులతో మాట్లాడటం మొదలుపెట్టాడు. టీ ముప్పై పైసలు, మా ఊళ్ళో ధరే. గ్లాసు మాత్రం మట్టి ముంత. తాగి పారేయాలట. సింహాచలానికి పారేయడానికి చేతులు రాలేదు. కడిగి సంచిలో పెట్టుకున్నాడు. పూరీ చేరేలోపు అలాంటివి నాలుగయ్యాయి.

స్టేషన్ దగ్గర రిక్షా అతనికి "అఠారనళా" అని వంతెన పేరు చెప్పాను. గుడి అటు కాదంటూ చెయ్యి ఊపాడు. గుడికి కాదు, వంతెనకే అని సైగ చేశాను. ఊళ్ళోకి వచ్చి వంతెన చూస్తామనే మనుషులను అతను మొదటిసారి చూసినట్టున్నాడు. దారి పొడుగునా వెనక్కు తిరిగి తిరిగి మమ్మల్ని చూస్తూనే తొక్కాడు.

వంతెన

పైనుంచి చూస్తే అది వంతెనలా ఉండదు. రోడ్డే కాస్త ఎత్తుకు లేచినట్టుంటుంది. రెండు పక్కలా పిట్టగోడ. మేం నిలబడి ఉండగానే భువనేశ్వరం బస్సు ఒకటి, గడ్డి బళ్ళు రెండు, లెక్కపెట్టలేనన్ని సైకిళ్ళు దాటాయి. ఏడెనిమిది వందల ఏళ్ళ నాటిదంటారు. ఎవరు కట్టించారో అడిగితే ముగ్గురు మూడు రాజుల పేర్లు చెప్పారు. ఊళ్ళోకి వచ్చే భక్తులకు మొట్టమొదట గుడి శిఖరం కనబడేది ఇక్కడి నుంచేనట. సింహాచలం చెప్పులు విడిచి, చేతులు జోడించి అలాగే నిలబడిపోయాడు. నేను చర్చికి వెళ్ళేవాణ్ణి. అయినా అతను దండం ముగించేదాకా టోపీ తీసి నిలబడ్డాను. నూటికి పైగా మనుషులు ఒకే చోట ఆగి ఒకే దిక్కుకు తలెత్తడం చూసినవాడెవడైనా అంతపాటి మర్యాద ఇస్తాడు.

ఆ తర్వాత కిందికి దిగాం.

దిగాక తెలిసింది దాని సంగతి. చీమలపుట్టకు ఉన్నట్టు చిల్లులున్న ఎర్రరాయి. గుండ్రటి కమాను ఎక్కడా లేదు. రెండు స్తంభాల మీదా రాళ్ళు పడుకోబెట్టి, ఒక్కో వరసను కింది వరస కంటే కాస్త కాస్త ముందుకు జరుపుతూ వచ్చారు. ఎదురెదురు వరసలు దగ్గరకు వచ్చేసరికి పైన బల్లరాళ్ళు పరిచారు. సింహాచలం తాత కల కనలేదు.

"సూసినావా?" అన్నాడు సింహాచలం.

"సూసినాను" అన్నాను. వాదించడానికి ఏం మిగల్లేదు. కానీ అది నిలబడుతుందని కళ్ళతో చూడటం ఒకటి. ఎందుకు నిలబడుతుందో తెలియడం ఇంకొకటి. ఆ రెండోది తెలియకుండా నేను పేటకు వెళ్ళి ఔనని చెప్పలేను.

టేపు పోయిన వైనం

కొలవడానికి వంద అడుగుల గుడ్డ టేపు తీసుకెళ్ళాను. దాన్ని పెట్టిన సంచిలోనే బెల్లం ముక్కలు కూడా పెట్టాను. మార్చి ఎండకు బెల్లం కరిగి టేపుకు పట్టిందని నాకు తెలియదు. ఒక స్తంభం పక్కన టేపు పరిచి నోటుబుక్కు తీస్తున్నాను. అక్కడే మేస్తున్న ఆవు తాపీగా వచ్చి టేపు కొస నోట్లో పెట్టుకుంది. నేను ఇటు లాగాను. అది అటు లాగింది.

"కొట్టీకు బావా, పూరీ ఆవు!" అని అరిచాడు సింహాచలం.

నేను కొట్టలేదు. కేక మాత్రం వేశాను. ఆవు బెదిరి వాగుకు అడ్డంపడి పరుగెత్తింది. టేపు డబ్బా దాని వెనక గంతులు వేసుకుంటూ పోయి, అవతలి రెల్లు పొదల్లో మాయమైంది. మళ్ళీ కనబడలేదు.

నేను బురదలో చతికిలబడ్డాను. రెండు వందల ఎనభై మైళ్ళు వచ్చింది కొలతల కోసం. సింహాచలం నవ్వడం ఆపడానికి చాలాసేపు పట్టింది. ఆపాక చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతిని స్తంభానికి ఆనించి, "ఒకటి" అన్నాడు.

అతను ఎప్పుడూ మూరతోనే, పద్దెనిమిది అంగుళాలకు ఒక మూర లెక్కన, కొలుస్తాడు. మూర, జాన, బెత్తెడు. క్వారీలో ఇరవై ఏళ్ళుగా దాన్ని వెక్కిరిస్తున్నవాణ్ణి నేను. ఆ పూట అతను చెప్పిందల్లా రాసుకున్నాను.

నూకాలు

అలా మూరలు లెక్కేస్తుండగా పైనుంచి గొంతు వినబడింది. మా ఊరి గొంతే.

"ఏటి కొలిసేత్తన్నారు? వంతెన పడగొట్టీడానికొచ్చినారా?"

పిట్టగోడ మీంచి ఒకావిడ తొంగిచూస్తోంది. నెత్తిన ఖాళీ చేపల గంప. యాభై ఏళ్ళుంటాయి.

"నువ్వు తెలుగుదానివా అమ్మా?" అన్నాడు సింహాచలం, ప్రాణం లేచొచ్చినట్టు.

"కాదు, దొరసాన్ని. సెప్పండి, మీరు రోడ్డు ఆపీసోళ్ళా?"

ఆమె పేరు నూకాలు. పూరీలో సముద్రం ఒడ్డున తెలుగు బెస్తల పేట ఒకటుంది. ఆమె తాతలు మన తీరం నుంచే పడవల్లో వచ్చి ఉండిపోయారట. ఈమె రోజూ చేపలు ఎత్తుకుని వంతెన దాటి పల్లెల్లో అమ్ముకొస్తుంది. మేం వచ్చిన పని చెప్పాక గంప దింపి, తనూ గట్టు దిగింది.

"ఇసాపట్నంలో వంతెనలు కట్టీవోళ్ళే నేరా? రేవు కట్టినారు, ఓడలు కట్టినారు, గెడ్డ దాటలేకపోతన్నారా?"

"సిమెంటు లేదమ్మా" అన్నాను.

"దీనికి మాత్తరం ఎవుడిచ్చినాడేటి సిమెంటు?"



అఠారనళా అన్న పేరుకు అర్థం పద్దెనిమిది కాలువలు. నేను రెండు వైపుల నుంచీ రెండుసార్లు లెక్కపెట్టాను. రెండుసార్లూ పందొమ్మిది ఖానాలొచ్చాయి. ఆ మాటే అంటే నూకాలు కోప్పడింది. పూర్వం ఇక్కడ వంతెన నిలబడక, రాజు తన పద్దెనిమిదిమంది కొడుకులనూ బలి ఇచ్చాడట, అందుకే పద్దెనిమిదట. "పంతొమ్మిదోది ఎవుడిచ్చినాడు?" అని అడిగాడు సింహాచలం. "నీలాటోడు ఎవుడో వచ్చి అడ్డదిడ్డంగా వాగితే ఆడ్ని ఏసీసుంటారు" అంది.

నవ్వుకున్నాం గానీ ఆ కథ నన్ను వదల్లేదు. కథ నిజమైనా కాకపోయినా, వంతెన కూలితే పోయేది ఎవరి పిల్లలో ఆ కథ కట్టినవాళ్ళకు తెలుసు.

పఖాళం

ఆ పూట నూకాలు మమ్మల్ని తన ఇంటికి తీసుకెళ్ళింది. డబ్బు ఇవ్వబోతే గరిటె ఎత్తింది. పెట్టింది పఖాళం. అంటే నీళ్ళలో నానిన అన్నం, పెరుగు, ఉల్లిపాయ, కాల్చిన ఎండు చేప. మన సద్దన్నమే, కాకపోతే ఇక్కడ పొద్దున్నే కాదు, మిట్టమధ్యాహ్నం తింటారు. ఎండకు అదే మందట. సింహాచలం మూడుసార్లు వడ్డించుకున్నాడు. పూరీ హోటల్లో రెండు రూపాయలకు పెట్టిన పప్పులో చింతపండు లేదని పొద్దుటి నుంచీ సణుగుతున్నవాడే.

మర్నాడు అతను గుడిలోకి వెళ్ళాడు. నాకు ప్రవేశం లేదు, బయట సింహద్వారం ఎదుట కూర్చున్నాను. గంట తర్వాత మట్టికుండతో అన్నం, పప్పు ప్రసాదం తెచ్చాడు. "ఇక్కడ ఎంగిలి లేదట బావా, కులం లేదట. ఒకే కుండలో ఎవురితో ఎవురైనా తినొచ్చట" అన్నాడు. ఒకే కుండలో ఇద్దరం చేతులు పెట్టి తిన్నాం. పక్కన ఎవరో ముసలాయన కూర్చుంటే ఆయనకూ పెట్టాం. ఆయన భాష మాకు రాదు, మా భాష ఆయనకు రాదు. తిన్నాక మా ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టి వెళ్ళిపోయాడు.

వాగులో పడి ఉన్న రాయి

రెండో రోజు మధ్యాహ్నానికి నా పుస్తకంలో లెక్కలు నిండాయి. అన్నింటికంటే చిన్న ఖానా అయిదు మూరలకు తక్కువ, అంటే సుమారు ఏడడుగులు. మధ్యలోవి పెరుగుతూ పెరుగుతూ పదహారడుగుల దాకా వెళ్ళాయి. స్తంభాల మందం నాలుగు మూరల నుంచి అయిదుకు పైన. ఇంత లావు స్తంభాలు ఎందుకని ముందు విసుక్కున్నాను. వాగులో మూడో వంతుకు పైగా రాయే ఆక్రమిస్తే నీళ్ళెటు పోతాయి? చిన్న ఖానాలో ఒక్కో రాయి ముందుకు వచ్చింది రెండు బెత్తెలే, ఆరంగుళాలు. సింహాచలం అనుకున్న జానెడు, అంటే తొమ్మిదంగుళాలు, అక్కడ ఎక్కడా లేదు.

అదే చెప్పాను. "మూడంగుళాలకి ఏటైపోద్ది?" అన్నాడు. ఏమవుతుందో నాకూ సరిగ్గా తెలియదు. గోడ లోపలికి రాయి ఎంత పోయిందో తెలిస్తే గదా!

గట్టు మీద కూర్చున్న నూకాలే చూపించింది. "ఆ బట్టల రాయి కూడా ఈ వంతెనదే. నా సిన్నప్పట్నుంచీ అక్కడే ఉంది."

వాగు పక్కన ఆడవాళ్ళు బట్టలు ఉతుక్కునే రాయి అది. ఏనాడో మరమ్మతులప్పుడు తీసి పక్కన పడేసినట్టున్నారు. నేను దాన్ని నీళ్ళు పోసి కడిగాను. ఒక కొస నల్లగా, గాలికీ వానకూ అరిగి నున్నగా ఉంది. మిగతా అంతా పచ్చిగా, గరుకుగా, ఉలి దెబ్బలు చెక్కుచెదరకుండా ఉంది. ఎండా వానా ఎరగని భాగం అదీ. సింహాచలం కొలిచాడు. నల్లది రెండు బెత్తెలు. పచ్చిది మూర.

మూడు వంతులు లోపల. ఒక వంతు బయట.

బయటికి కనబడే వంతు గురించే ఇన్నాళ్ళూ నేను లెక్క వేశాను. గోడ లోపల దాగిన రాయి తోక మీద కూర్చునే బరువు నా లెక్కలోనే లేదు. అందుకే పడిపోతుందన్నాను. సింహాచలమేమో క్వారీ దగ్గర ఊరికే దొరికే మూరెడు రాళ్ళతో కడదామనుకున్నాడు. జానెడు బయటికి పెడితే లోపల మిగిలేది జానెడే. సగం సగం. బండి చక్రం ముందు కొస మీదికి రాగానే అది తిరగబడుతుంది. స్తంభాలు ఎందుకంత లావో కూడా అప్పుడే తెలిసింది. ఆ తోకలకు చోటు కావాలి.

సింహాచలం ఆ రాయి మీద మళ్ళీ ఒకసారి మూర వేసి చూసుకున్నాడు. "నాను సెప్పినట్టు కట్టుంటే సంపీసుందును బావా" అన్నాడు.

"నాను సెప్పినట్టయితే అసలు కట్టకపోదుం" అన్నాను.

"అయితే ఇద్దరూ ఎదవలే. ఇంక లెగండి, పొద్దుపోతంది" అంది నూకాలు.

లేచి ఒక ఖానా కిందికి నడిచాను, సరిగ్గా అప్పుడే పైన బస్సు వెళ్ళింది. నేను ఖానా లోపల రాయికి అరచెయ్యి ఆనించి ఉంచాను. చక్రాల చప్పుడు చెవికి తెలిసింది గానీ చేతికి తెలియలేదు.

ఔనన్న మాట

తిరుగు బండిలో కాగితం మీద కొత్త లెక్క వేశాను. ఇరవై నాలుగు అడుగుల గెడ్డకు ఒక ఖానా కాదు, అయిదేసి అడుగులవి మూడు. మధ్యన నాలుగున్నర అడుగుల స్తంభాలు రెండు. పదిహేనూ తొమ్మిదీ ఇరవై నాలుగు. ఒక్కో పక్క మూడు వరసలు, వరసకు ఆరంగుళాలు. మిగిలిన రెండడుగుల సందు మీద మూడడుగుల బల్లరాయి. కిందటి వరద లోతు మూడడుగులు. నీటికి వదిలిన దారి ఇరవై నాలుగు నుంచి పదిహేనుకు తగ్గింది గనుక మట్టం అయిదడుగుల దాకా లేవవచ్చు. అంటే వంతెన ఆరడుగుల పైనే ఉండాలి, రెండు వైపులా మట్టి పోసి తోవ ఎత్తు చేయాలి.

ఇంటికి రాగానే ఇనుప స్కేలుతో సింహాచలం మూర కొలిచాను. పద్దెనిమిదింపావు అంగుళాలు. నా కొలతలన్నీ డెబ్బై రెండింట ఒక వంతు తక్కువ రాసుకున్నానన్నమాట. పదహారడుగుల మీద రెండున్నర అంగుళాల పైచిలుకు. అంతకంటే ఎక్కువ తప్పు నా పాత టేపులోనే ఉండేది.

మీటింగులో పైడయ్య అడిగాడు. "ఏటంటావ్ దానియేలూ? ఔనా, కాదా?"

"ఔను" అన్నాను. "ఊరికే దొరికే రాళ్ళు పనికిరావు. కొండ మీద రెండడుగుల రాళ్ళు కొట్టించాల. మనమే మోసుకోవాల."

పనులు పోయిన తొమ్మిదిమందీ మర్నాడే గునపాలు పట్టుకుని కొండెక్కారు. అరవై ఒక్క రోజులు పట్టింది. సింహాచలం ప్రతి రాయినీ పెట్టే ముందు దాని మీద రెండు బెత్తెల దగ్గర బొగ్గుతో గీత గీశాడు. గీత దాటి ఒక్క రాయీ బయటికి రాలేదు.

నూకాలుకు ఈ సంగతి తెలియజేయాలని ఉంది. ఆమెకు చదువు రాదు, నా దగ్గర చిరునామా లేదు. పూరీ వెళ్ళేవాళ్ళెవరైనా వంతెన మీద చేపల గంపతో ఆమె ఎదురైతే, ఇసాపట్నంవాళ్ళు గెడ్డ దాటుతున్నారని చెప్పండి. తిట్టే సమాధానంగా ఇస్తుంది. ఆ తిట్టు నాది.

వానలు

వానలు పట్టిన నాలుగో పొద్దున గెడ్డ ఎర్రగా పొంగింది. గొడుగు వేసుకుని వెళ్ళి వంతెన మధ్యలో నిలబడ్డాను. నీరు నాలుగడుగుల పైన ఉంది, అయిదుకు రాలేదు. మూడు ఖానాల్లోంచీ హోరుమని పోతోంది. కొట్టుకొచ్చిన తాటి మట్టలు స్తంభాలకు తగిలి, తిరిగి, దారి చూసుకుని వెళ్తున్నాయి. కాళ్ళ కింద వణుకు తెలుస్తుందేమోనని చెప్పులు విప్పాను. రాయి చల్లగా ఉంది, అంతే.

వెనక సైకిలు గంట మోగింది. పాలక్యాన్లు రెండు తగిలించుకుని, నెత్తిన గోనెసంచి కప్పుకున్న మనిషి. కొండ అవతలి పల్లె వాడట, మా పేటవాడు కూడా కాదు.

"ఏటి బావా, నడిమద్దిన నిలబడిపోనావు? జరుగు, పాలు ఇరిగిపోతాయి."

చెప్పులు చేత్తో పట్టుకుని పిట్టగోడకు ఆనుకున్నాను. అతను వెళ్ళాడు. వెనక రేవు పనికి పరుగెత్తేవాళ్ళు, ఆ వెనక పుస్తకాలు చొక్కాల్లో దాచుకున్న పిల్లలు, కట్టెల మోపులతో ఆడవాళ్ళు. వానలో తల దించుకుని గబగబా నడిచి పోయారు. ఒక్కరూ కిందికి, నీళ్ళవైపు చూడలేదు.